గింజలు అలిగే వేళ

జూన్ 4, మంగళవారం

చెల్లి ఇవాళ కూడా పై వాటాలోంచి కిందికి రాలేదు. మెడ పట్టేసిందట. పోయిన వారం నడుము, ఈ వారం మెడ. ఇలా పైకి ఎక్కుతూ పోతే వచ్చే వారం తలనొప్పి, ఆ తర్వాత నొప్పికి ఒంట్లో చోటు మిగలదు. అప్పుడైనా వస్తుందేమో చూడాలి.

ప్యాకెట్లన్నీ నేనే కట్టాను. చీటీలన్నీ వంకరగా అంటుకున్నాయి. నాకు కాఫీ గింజలు వేపడం వచ్చు, చీటీలు అంటించడం రాదు. ఆ సంగతి తెలిసే మెడ పట్టేయించుకుందని నా అనుమానం.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన, "మీ తోడికోడలు ఇక రాకపోవచ్చు, ఎవరినైనా పనికి పెట్టుకో" అన్నారు. మరిది పెళ్లాన్ని నేను చెల్లి అనే పిలుస్తాను. ఆయన కూడా ఇన్నేళ్లూ "మీ చెల్లి" అనే అన్నారు. ఇవాళ కొత్తగా తోడికోడలైంది. పొద్దుటినుంచీ కళ్లద్దాల దుకాణంలో నిలబడి ఇతరుల చూపు సరిచేసి వచ్చే మనిషి, అలసటలో ఏదో అని ఉంటారు. రాకపోవడం ఏమిటి, పైమెట్టు మీదనుంచి కిందిమెట్టు మీదికి రావడానికి బండి కట్టాలా?

జూన్ 6

మూడు వాయిలు వేపాను. మూడూ బాగా వచ్చాయి. చెప్పడానికి పక్కన ఎవరూ లేరు, గింజలు వేపే డ్రమ్ముకే చెప్పాను.

జూన్ 9, ఆదివారం

ఈ అక్షరాలు నావేనా అన్నట్టున్నాయి.

ప్యాకెట్ల కవర్లు తేవడానికి వెళ్లాను. వచ్చేటప్పుడు మూలమీది కాఫీ కొట్టు ముందునుంచి వచ్చాను. పోయిన నెల దాకా మన దగ్గరే కొనేవాళ్లు. సొంత మిషను పెట్టుకున్నాం, ఇక అక్కర్లేదన్నారు. సరే, ఎవరి వ్యాపారం వాళ్లది, దానికి నేనేమీ అనుకోలేదు. అనుకున్నాను గానీ బయటికి అనలేదు. ఇవాళ ఆ కొట్టు అద్దం వెనక నల్లటి పలక ఒకటి నిలబెట్టారు. దాని మీద సుద్దతో, గుండ్రటి అక్షరాలతో, "మా దగ్గరే వేపిన కొత్త కాఫీ: అలక".

అలక.

అక్కడే నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో "కాస్త జరుగుతారా" అన్నారు. జరిగాను.

ఆ మాట ఎలా పుట్టిందో నాకు తెలుసు, అన్నది నేనే. డ్రమ్ము తెచ్చిన కొత్తలో ఎప్పుడు దించాలో తెలియక రోజూ ఒక వాయి మాడేది. గింజ వేడెక్కి పగిలేటప్పుడు చిటపటలాడుతుంది, అది ఎవరికైనా వినబడుతుంది. తర్వాత ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది. ఇంకా ఏదో అంటుందేమోనని చూస్తూ కూర్చుంటే కాసేపటికి సన్నగా గొణగడం మొదలుపెడుతుంది, అప్పటికి చేదు ఎక్కేసి ఉంటుంది. ఆ రోజు నేను ఆయన మీద అలిగి ఉన్నాను. దేనికో గుర్తు లేదు, దేనికో ఒకదానికి. ఆయన వెనకగది గుమ్మంలో నిలబడి బతిమాలుతున్నారు. చెల్లి జల్లెడ పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. డ్రమ్ములో చిటపటలు ఆగిపోయాయి. "ఇవి కూడా అలిగాయి" అన్నాను. "అయితే అలక మీద ఉండగానే దించెయ్, మళ్లీ నోరు తెరిస్తే చేదే" అన్నారాయన. దించాను. అంత మంచి వాయి అంతకుముందు రాలేదు. నా అలక కూడా ఆ పళ్లెంలోనే చల్లారిపోయింది.

అప్పటినుంచి ఇంట్లో అదే మాట. పొగగొట్టం పక్కనుంచి చెల్లి పైనుంచే "అలిగాయా అక్కా?" అని కేకేసేది. బయటివాళ్లకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చీటీ మీద "మధ్యరకం" అనే ఉంటుంది. బయటికి మధ్యరకం, ఇంట్లో అలక. అది అమ్ముకునే మాట అని నాకెప్పుడూ తోచలేదు.

ఇంటికి వచ్చి ఆయనకు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మాటే కదా, ఎవరికైనా తట్టొచ్చు" అన్నారు.

"గింజలు అలుగుతాయని ఎవరికి తడుతుందండీ?"

కాసేపు ఆలోచించి, "మనకు పచ్చిగింజలు వేసే ఆ గింజలాయన వాళ్లకూ వేస్తాడుగా సరుకు. నీ దగ్గర విన్నది అక్కడ అని ఉంటాడు. అతనికి నోరు ఆగదు" అన్నారు.

నిజమే. నాకు తట్టనే లేదు. ఆయనకు మనుషుల సంగతి నాకన్నా బాగా తెలుసు.

జూన్ 11, మంగళవారం

పచ్చిగింజలాయన వచ్చాడు. బస్తా దించకముందే దించేశాను నా మనసులో ఉన్నదంతా. పెద్దాయన, సగం దించిన బస్తాను మోకాలి మీద ఆనించాడు. తర్వాత బస్తా మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

"నాకు తెలిసింది పచ్చిగింజల సంగతమ్మా. మీ చేతిలో పడ్డాక అవి అలుగుతాయో, నవ్వుతాయో, పెళ్లి చేసుకుంటాయో నాకెందుకు? ఇన్నేళ్లలో మీ గుమ్మం దాటి లోపలికి వచ్చానా నేను?"

"గుమ్మం దాకా వినబడుతుందిగా."

"వినబడేది మీ గొంతే. అది వీధి చివరిదాకా వినబడుతుంది" అని వెళ్లిపోయాడు.

ఎంత పొగరు. తప్పు చేసినవాళ్లకే మాట అంత తొందరగా అందుతుంది. ఆయనకు చెబితే, "పోనీలే, ఇక వదిలెయ్" అన్నారు. వదిలేశాను. ఇంకో చోట గింజలు తెచ్చుకుంటాను, ప్రపంచంలో అతనొక్కడే ఉన్నాడా?

జూన్ 14

కొత్త చోట తెచ్చిన గింజలు. సగం ముందే చిటపటలాడతాయి, సగం అసలు నోరు తెరవవు. వీటిని అలిగాయనాలో, చచ్చాయనాలో తెలియడం లేదు.

జూన్ 18, మంగళవారం

ఇది రాయకుండా ఉండాలనుకున్నాను. రాస్తే నిజమైపోతుందని.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తున్నాను. చెల్లి కూడా వచ్చింది. మెడ బాగానే తిరుగుతోంది. రెండు మూడు మాటలు మాట్లాడుకున్నాం, ఎండ గురించి, సబ్బు గురించి. అలవాటు కొద్దీ ఆమె తలలో ఉన్న పొట్టు తీశాను. గింజ వేగేటప్పుడు సన్నటి పొర ఒకటి రాలుతుంది, ఊపిరి తగిలితే ఎగురుతుంది, జుట్టులో చిక్కుకుంటే దువ్వెనకు కూడా రాదు. ఏళ్లుగా పనయ్యాక ఒకరి తలలోది ఒకరం ఏరుకుంటాం. ఒకటి తీశాను, రెండోది తీశాను. అప్పుడు నా చేయి ఆగిపోయింది.

నా డ్రమ్ము దగ్గరికి రాక ఎన్నాళ్లయింది ఆమె? ఈ పొట్టు ఎక్కడిది?

ఈ ఇంట్లో అందరి బట్టలకూ కాఫీ వాసనే, వాసనతో ఎవరినీ పట్టుకోలేం. పొట్టు అలా కాదు, అప్పటికప్పుడు పడిందే.

చెల్లి నా చేతివైపు చూసింది. తలమీద కొంగు కప్పుకోబోయి, మానేసింది.

"అక్కా, నేనే చెబుదామనుకున్నాను."

"ఎక్కడ?"

"మూలమీది కొట్లో. వేపేది నేనే."

బట్టలు అక్కడే వదిలేసి దిగి వచ్చేశాను. ఆయన చొక్కాలు ఇంకా తీగ మీదే ఉన్నాయి. ఉండనీ.

జూన్ 19

నిన్న రాసింది చదివాను. కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

నేనెప్పుడైనా వేపొద్దన్నానా? డ్రమ్ము ముట్టుకోవద్దని నా నోటితో ఎప్పుడూ అనలేదు. అవసరం వచ్చినప్పుడు నేనే చెబుతానన్నాను. అవసరం రాలేదు, అది నా తప్పా? నేను ఉండగా ఆమెకు అవసరం ఏముంటుంది?

పని కోసం వెళ్లింది, సరే. రెక్కలొచ్చాయి. కానీ ఆ మాట ఎందుకు పట్టుకెళ్లింది? డ్రమ్ము అడిగితే ఇచ్చేదాన్ని. జల్లెడ అడిగితే ఇచ్చేదాన్ని. మా ముగ్గురి మధ్య పుట్టిన మాటను పలక మీద సుద్దతో రాసి, దారినపోయే వాళ్ల ముందు పెట్టింది. వాళ్లు టీ అడిగినంత తేలిగ్గా "ఒక అలక ఇవ్వండి" అంటూ ఉంటారు. తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది.

ఇకనుంచి ఈ పుస్తకంలో చెల్లి అని రాయను. పై వాటా.

ఆయన నన్ను కూర్చోబెట్టి తనే కాఫీ కలిపి తెచ్చారు. "చిన్నది, నోరు జారి ఉంటుంది. దానికి ఆ మాట విలువ తెలియదు. మనసులో పెట్టుకోకు" అన్నారు. కాఫీలో చక్కెర ఎక్కువైంది. తాగాను. ఇంటిల్లిపాదిలో నా పక్షాన ఉన్నది ఈయనొక్కరే.

జూన్ 20

మెట్ల మీద చప్పుడైంది. పాలవాడు.

జూన్ 21

మెట్ల మీద చప్పుడైంది. పై వాటా వాళ్లకు వచ్చిన చుట్టం ఎవరో, పొరపాటున మా తలుపు కొట్టారు. "పైన" అన్నాను. అంత మర్యాదగా నేనెప్పుడూ అనలేదు.

వచ్చి బతిమాలితే ఏమవుతుంది? నేను వెంటనే మెత్తబడతానా? పడను. ఒక పూట పడుతుంది. కానీ రావాలి కదా, రాకపోతే మెత్తబడకుండా ఉండేది ఎలా?

జూన్ 23, ఆదివారం

మరిది కిందికి వచ్చాడు. ఆవిడ రాలేక మొగుడిని పంపింది. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు కదులుతున్నాడు.

"వదినా, దాన్నేమీ అనుకోకు. అది చేరకముందే నీకు చెబుతానంది. అసలు అన్నయ్యే..."

అంతలో ఆయన లోపలిగదిలోంచి వచ్చారు. మరిది మాట మింగేశాడు. ఆయన "ఏరా, టిఫిన్ చేశావా" అన్నారు. వాడు చేశానన్నాడు. ఇద్దరూ కాసేపు నేలవైపు చూశారు. వాడు వెళ్లిపోయాడు.

అన్నయ్యే ఏమిటో చెప్పలేదు. ఆయన వస్తుండగా చూసి "అన్నయ్యే" అని ఉంటాడు. వస్తున్న మనిషిని చూసి ఎవరైనా అలాగే అంటారు.

ఇద్దరూ నేలవైపు ఎందుకు చూశారు? గచ్చు నేను పొద్దున్నే తుడిచాను, అక్కడ చూడడానికి ఏమీ లేదు.

జూన్ 25

నాలుగు వాయిలు. రెండు పారబోశాను. విన్నానో లేదో గుర్తు లేదు.

జూన్ 27, గురువారం

వెళ్లాను.

ఎందుకు వెళ్లానంటే, తాగి చూసి "బాగోలేదు" అనుకుని సుఖంగా తిరిగి రావడానికి. అంతకన్నా గొప్ప కారణం లేదు. నీలం చీర కట్టుకున్నాను, పెళ్లికి వెళ్తున్నట్టు. అద్దం పక్కన బల్ల దగ్గర కూర్చుని ఆ మాట నోటితో అనలేక పలకవైపు వేలు చూపించాను.

కాఫీ వచ్చింది. తాగాను.

బాగుంది. మాడలేదు, పచ్చిగా లేదు. అలక మధ్యలో సరిగ్గా పట్టుకుని దించింది. నేను ఎక్కడ దించుతానో అక్కడే, ఒక్క చిటిక ముందు కాబోలు, దాంతో వచ్చిన తీపి నా వాయిలో లేదు. పక్కన కూర్చుని జల్లెడ పట్టిన మనిషి ఇంత విన్నదని నాకు తెలియదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేడికి కాదు.

కొట్టు ఆయన నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. "ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"కొంచెం మాడింది" అన్నాను.

ఆయన నవ్వాడు. "మీరు అలాగే అంటారని సార్ చెప్పారు లెండి."

"ఏ సారు?"

"మీవారేనమ్మా. ఇంకెవరు? మీ చెల్లెల్ని పనిలో పెట్టుకునే ముందు, మీ ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పకపోతే బాగుండదని సార్‌ని పిలిచాను. వచ్చి ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చున్నారు. నాలుగు రకాలు తాగారు. పేరేం పెడదామా అని మేము తల బద్దలుకొట్టుకుంటుంటే, ఒక్క మాటలో తేల్చేశారు. అలక అని పెట్టండి అన్నారు. ఆ గింజల కథంతా చెప్పారు. ఎంత నవ్వామో."

కప్పు బల్ల మీద పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో అతనికి అర్థం కాలేదు.

"మీకు కూడా ఇష్టమేనని చెప్పారమ్మా. మీరు ఒప్పుకున్నారనే పెట్టాం. మీ చెల్లెలే ఒప్పుకోలేదు. ఆ మాట అక్కది, అక్కని అడగందే పెట్టొద్దు అంది. సార్ 'నేను అడిగానులే' అనేదాకా నాతో మాట్లాడలేదు."

లోపల మిషను తిరుగుతోంది. చిటపటలు మొదలయ్యాయి. నేను అవి ఆగేదాకా కూర్చోలేదు.

దారిలో ఏం ఆలోచించానో రాద్దామంటే ఏమీ రావడం లేదు. ఒక్కటి మాత్రం. పెద్దాయన బస్తా మళ్లీ భుజానికెత్తుకోవడం కనబడుతోంది. ఆయన పేరు నా చెవిలో వేసింది ఎవరు? చెల్లి నోరు జారిందని చెబుతూ నాకు కాఫీ కలిపి తెచ్చింది ఎవరు? అందుకా అంత చక్కెర?

సాయంత్రం

ఆయన వచ్చి చెప్పులు విడిచారు. నా నీలం చీర చూసి, "ఎక్కడికి వెళ్లావు?" అన్నారు.

"మూలమీది కొట్టుకు. మీ కుర్చీ చూపించారు."

ఆయన కూర్చున్నారు. అబద్ధం ఆడతారేమోనని ఎదురుచూశాను. ఆడి ఉంటే తిట్టడానికి వీలుగా ఉండేది. ఆడలేదు.

"నీకు చెబుదామనుకున్నాను."

"మీ ఇంట్లో అందరూ అనుకునేవాళ్లే."

"ఆ రోజు పలక చూసి నువ్వు అంత వణికిపోతుంటే నా నోరు రాలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. అంతలోనే గింజలాయన పేరు వచ్చేసింది."

"వచ్చేసిందా? దానంతట అదే నడుచుకుంటూ వచ్చిందా?"

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత చాలా మెల్లగా అన్నారు. "మాటే కదా. అందులో సగం నాది కూడా. నువ్వు అలిగాయన్నావు, అలక మీద ఉండగానే దించెయ్యమన్నది నేను. ఆ రోజు వాళ్లు నలుగురు చుట్టూ కూర్చుని, సార్ మీరేమంటారు అని అడిగారు. ఈ ఇంట్లో నన్నెవరూ అడగరు. బస్తా ఎక్కడ పెట్టమంటావు అని నేనే అడుగుతాను. ఒక్కసారి అడిగేసరికి, నా దగ్గరున్న మంచి మాట అదొక్కటే కనబడింది. ఇచ్చేశాను."

అందులో అబద్ధం లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. సగం ఆయనదే. సగం ఆయనది కాబట్టే అది నాకు అంత ఇష్టం. ఆయన సగం ఆయన ఇచ్చుకుంటే నా సగం దాని వెంటే ఎందుకు పోయింది? దాన్ని విడదీసి ఇవ్వలేమని ఆయనకు తెలియదా?

"నేను ఒప్పుకున్నానని కూడా చెప్పారట."

"అడిగితే ఒప్పుకునేదానివే కదా."

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు" అన్నారు.

అని, తను ఏమన్నారో తనకే వినబడినట్టుంది, లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

నేను ఏడవలేదు. ఎందుకో తెలియదు, వంటింట్లో శుభ్రంగా ఉన్న గిన్నెలన్నీ మళ్లీ తోమాను.

జూన్ 28

ఆయన బతిమాలుతున్నారు. పొద్దున బస్తా అడగకుండానే జరిపి పెట్టారు. పలక మీది పేరు తీయించేస్తానన్నారు. తీయిస్తే పోతుందా, అప్పటికే తాగినవాళ్ల నోళ్లలోంచి ఎలా తీయిస్తారు? వద్దన్నాను.

"ఇంకా అలకేనా?" అని నవ్వించబోయారు.

ఆయన నోట ఆ మాట. అలక అంటే నాకు తెలుసు. అవతలి మనిషి వస్తాడని లోపల ఒక మూల నమ్మకంగా ఉంటుంది, దాని మీద కూర్చుని మూతి ముడుచుకుంటాం. ఇప్పుడు ఆయన వచ్చి ఎదురుగా నిలబడి ఉన్నారు. ఎదురుగా ఉన్నా నేను మెత్తబడడానికి నాలో ఏదీ కదలలేదు.

జూలై 1, సోమవారం

పైకి వెళ్లాను. ఇన్నేళ్లలో నేను ఆ మెట్లు ఎక్కింది తక్కువ, ఆమె దిగిందే ఎక్కువ. ఎక్కేటప్పుడు తెలిసింది, మధ్యలో ఒక మెట్టు ఊగుతుందని. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

చెల్లి కూరలు తరుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది, కత్తి చేతిలోనే ఉంది.

"పొడిచేలోపు కూర్చోనీ" అన్నాను.

నవ్వలేదు. ముక్కాలి పీట జరిపింది. కూర్చున్నాను.

"ఆ పేరు పెట్టింది మీ బావగారని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమయ్యేది?"

"నిన్ను తిట్టుకునేదాన్ని కాదు."

"నన్ను తిట్టుకున్నా నువ్వు కిందే ఉంటావు, నేను పైనే ఉంటాను. బావగారిని తిట్టుకుంటే ఎక్కడుంటావు అక్కా?"

ఈ పిల్లనేనా నేను పై వాటా అని రాశాను? పుస్తకంలో ఆ మాట కొట్టేద్దామనుకున్నాను, కొట్టేయలేదు, రాసింది రాసినట్టే ఉండనీ అనుకున్నాను.

"కానీ వెళ్లేముందు నాకు చెప్పకపోవడం?" అన్నాను. అది మాత్రం వదలదలుచుకోలేదు.

"బావగారు నేను చూసుకుంటాను, నువ్వేమీ మాట్లాడకు అన్నారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. అది నా తప్పే." తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి అంది. "అక్కా, నీ డ్రమ్ము దగ్గర నేను ఎన్నేళ్లున్నాను? ఒక్క వాయి నన్ను దించనిచ్చావా?"

"నేనెప్పుడూ వద్దనలేదు."

"అవును, అనలేదు" అంది చెల్లి. కూరలు తరగడం మొదలుపెట్టింది.

వద్దనలేదు. అది నిజం. రాసి ఉంచుతున్నాను.

ఆ కొట్టు మానేయమని అడుగుదామనుకునే వెళ్లాను. అడగలేదు. మానేయనంటుందని తెలిసిపోయింది. లేచి వచ్చేటప్పుడు, "ఒక్క చిటిక ముందే దించుతున్నావు" అన్నాను.

"ఎలా ఉంది?"

"బాగుంది" అన్నాను. ఈ నెల రోజుల్లో నేను బయటికి అన్న నిజం అదొక్కటేనేమో.

జూలై 3

గింజలాయన దుకాణానికి వెళ్లాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు, నాలుక మడత పడుతుంది. రెండు బస్తాలు కావాలన్నాను. ఎప్పుడూ ఒకటే తీసుకుంటాను. ఆయన నావైపు కాసేపు చూసి, "రెండెందుకమ్మా, ఒకటి చాలు, అర్థమైంది" అన్నాడు. మా గుమ్మానికి మాత్రం తను రానన్నాడు, మనిషిని పంపుతానన్నాడు. సరేనన్నాను. అంతవరకు నాకు దక్కాల్సిందే.

జూలై 7

ఆయనతో మాట్లాడుతున్నాను. ఉప్పు, కరెంటు, తాళం చెవి. అన్నీ మాట్లాడుతున్నాను. చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ఆయనకు కూడా తెలియడం లేదు, అదే నాకు భయంగా ఉంది.

జూలై 14, ఆదివారం

కొత్తరకం గింజలు వచ్చాయి, చిన్నవి, గుండ్రటివి. వాటి తీరే వేరు. చిటపటలకు ముందు, పచ్చివాసన పోయి రొట్టె వాసన వచ్చే చోట, డ్రమ్ములో ఒక చిత్రమైన చప్పుడు వినబడింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు. అక్కడ మంట తగ్గించి చూశాను. వచ్చిన వాయి తాగి చూసి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంత బాగుంది. మొదటిసారి, ఈ నెలన్నరలో, నాకు సంతోషం వేసింది. ఆ చప్పుడుకు ఏం పేరు పెట్టాలో కూడా వెంటనే నోటికి వచ్చింది, నవ్వు కూడా వచ్చింది.

అదే వేళకు ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. ఆయన ముఖం వెలిగిపోతోంది, నేను నవ్వడం చూసి. మంచి మనిషి. ఇప్పుడు కూడా అదే అంటాను, మంచి మనిషే.

"కొత్తగా ఏదో పట్టుకున్నట్టున్నావు. దీన్నేమంటావు?"

పూర్వమైతే ఆయన అడిగేదాకా ఆగేదాన్నా? చేతులు తుడుచుకోకుండానే చెప్పేసేదాన్ని. ఆయన దానికి ఇంకో మాట తగిలించేవారు. సాయంత్రానికి అది ఇంటి మాట అయిపోయేది.

"ఇంకా ఏమీ అనుకోలేదండీ" అన్నాను.

"ఏదైనా తడితే చెప్పు" అన్నారు.

"అలాగే."

ఆయన ఊరటగా నవ్వి బస్తా జరపడానికి వెళ్లారు. ఇంట్లో అంతా సర్దుకుందనుకున్నారు.

పేరు ఉంది. చాలా మంచి పేరు, వింటే ఆయన పగలబడి నవ్వేవారు. ఈ పుస్తకం పెట్టే బీరువాకు తాళం లేదు, ఇన్నేళ్లూ దాని అవసరం రాలేదు. అందుకని ఇక్కడ కూడా రాయడం లేదు.